నవ్వు రాని ఎపిసోడ్లే ముందు చూడు

చి. సౌమ్యకు,

ఆశీస్సులు. నువ్వు పంపిన స్క్రిప్టు చదివాను. దాని సంగతి చివర్లో చెబుతాను. కుటుంబ సిట్‌కామ్ (టీవీ హాస్య ధారావాహిక) రాయడం నేర్చుకోవాలంటే ఏ ఎపిసోడ్లు చూడాలని అడిగావు కదా. అందరూ మెచ్చినవి ముందు పెట్టుకుంటే నవ్వుతూ కూర్చుండిపోతావు, కుట్టు ఎక్కడుందో కనబడదు. జనం పెదవి విరిచినవి చూడు. చిరిగినచోటే కుట్టు బయటపడుతుంది.

పది సిరీస్‌లు అక్కర్లేదు. ‘ది బ్రేడీ బంచ్’ ఒక్కటి చాలు. అమెరికాలో ఏబీసీ ఛానెల్లో 1969 సెప్టెంబరు నుంచి 1974 మార్చి దాకా వచ్చింది. ఐదు సీజన్లు, 117 ఎపిసోడ్లు, ఒక్కోటి సుమారు పాతిక నిమిషాలు. ముగ్గురు మగపిల్లల తండ్రి మైక్, ముగ్గురు ఆడపిల్లల తల్లి కెరోల్‌ని పెళ్ళి చేసుకుంటాడు. వంటింటి పెత్తనం పనిమనిషి ఆలిస్‌ది. మొత్తం తొమ్మిది మంది, టైటిల్లో ఒక్కో ముఖానికి ఒకటి చొప్పున తొమ్మిది గడులు. అభిమానులు తిట్టుకునే ఎపిసోడ్లలో ఎక్కువ భాగం చివరి సీజన్‌లో ఉన్నాయి. అయితే అన్నిటినీ ఒకే గాటన కట్టకు.

1974 జనవరిలో వచ్చిన ‘కెల్లీస్ కిడ్స్’ తీసుకో. బ్రేడీల స్నేహితులైన కెల్లీ దంపతులు ఒక పిల్లాణ్ణి దత్తత తీసుకుంటారు. తర్వాత వాడి నేస్తాలిద్దర్నీ కూడా ఇంటికి తెచ్చుకుంటారు. ఒకడు తెల్లవాడు, ఒకడు నల్లవాడు, ఒకడు ఆసియా పిల్లాడు. బ్రేడీలు కాసేపే కనబడి వెళ్ళిపోతారు. అసలు ఉద్దేశం వేరే సిరీస్‌కి పైలట్, అంటే నమూనా ఎపిసోడ్, తీయడం. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, బ్రేడీల పాతిక నిమిషాలు కెల్లీల పాలయ్యాయి. అనుకున్న సిరీస్ అప్పుడు రాలేదు. సృష్టికర్త షెర్వుడ్ ష్వార్ట్జ్ అదే ఆలోచనను మార్చి 1986లో సీబీఎస్ ఛానెల్లో ఇంకో పేరుతో తెచ్చాడు. ఇది వ్యాపారం నుంచి పుట్టిన లోపం. రాయడం గురించి నీకు నేర్పేది తక్కువ.

ఆలివర్ అనే పిల్లాడి సంగతి నీ పనికి కొంచెం దగ్గరిది. చిన్నవాళ్ళు బాబీ, సిండీలకు పన్నెండు-పదమూడేళ్ళు వచ్చేశాయి. ఇంట్లో ముద్దుమాటలకు ఎవరూ మిగల్లేదని కెరోల్ మేనల్లుణ్ణి దింపారు. ఆఖరి ఆరు ఎపిసోడ్లలో ఉన్నాడు. అలసిపోయిన సిరీస్‌లోకి కొత్త పిల్లాణ్ణి తెచ్చి నిలబెట్టడాన్ని అమెరికాలో ఇప్పటికీ ఆ కుర్రాడి పేరుతోనే వెక్కిరిస్తారు. పాపం, నటించిన పిల్లాడి తప్పేం లేదు. ఆలివర్‌కి వయసు ఇచ్చారు, కోరిక ఇవ్వలేదు. వాడొచ్చిన మొదటి ఎపిసోడ్‌లో వాడు చేసే పనేమిటో చూడు: వస్తువులు పగులుతాయి, మనుషులు పడతారు, తను దురదృష్టజాతకుణ్ణని వాడు దిగులుపడతాడు. అవన్నీ వాడికి జరిగినవి, వాడు చేసినవి కావు.

ఇక అసలు పాఠం ఆఖరి ఎపిసోడ్, 1974 మార్చి 8న వచ్చిన ‘ది హెయిర్ బ్రెయిన్డ్ స్కీమ్’. బాబీ డబ్బు సంపాదిద్దామని జుట్టు టానిక్ సీసాలు తెప్పించి అమ్ముతాడు. అన్న గ్రెగ్ రాసుకుంటే జుట్టు నారింజరంగుకు తిరుగుతుంది, అదీ గ్రాడ్యుయేషన్ ముందు. పక్కన సిండీ కుందేళ్ళ వ్యాపారం రెండో కథగా నడుస్తుంది. తండ్రి వేషం వేసిన రాబర్ట్ రీడ్‌కి ఈ స్క్రిప్టు అసలు నచ్చలేదు. అభ్యంతరాలన్నీ రాసి పంపి, నటించనన్నాడు. దాంతో పెద్దకొడుకు గ్రాడ్యుయేషన్‌కి తండ్రి ఊళ్ళో లేకుండా పోయాడు.

ఇలాంటి జుట్టు టానిక్ ఉంటుందా, ఇది నిజజీవితమా ప్రహసనమా అన్నది రీడ్ పట్టుదల. అంతకుముందు ఒకసారి స్ట్రాబెర్రీ జామ్ సీనులో వంటిల్లు ఘుమఘుమలాడుతోందన్న డైలాగుకే పేచీ పెట్టాడు. ఉడికే స్ట్రాబెర్రీలకు వాసన రాదని విజ్ఞానసర్వస్వం తిరగేసి మరీ వాదించాడు. చివరికి ‘వాసన’ని ‘చూపు’గా మార్చుకున్నారు. నా లెక్కలో ఆఖరి ఎపిసోడ్‌లో ఏదో చెడిందని ఆయన పట్టింది నిజమే, చెడిన చోటు మాత్రం అది కాదు. రంగు మారే టానిక్‌ని ప్రేక్షకుడు నమ్మేస్తాడు. నమ్మనిది వేరే ఉంది.

ఒక కాగితం తీసుకుని నిలువుగా రెండు గీతలు గియ్యి. మొదటి గడిలో ఎవరికేం కావాలి, రెండోదాంట్లో దానికోసం ఏం చేశారు, మూడోదాంట్లో దెబ్బ ఎవరికి తగిలింది. సీనుకో వరస. ఈ ఎపిసోడ్‌కి నింపితే మొదటి రెండు గడుల్లో బాబీ, మూడోదాంట్లో గ్రెగ్ వస్తారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. గ్రెగ్ చేసిందల్లా తమ్ముడి సరుకు వాడటం. అందుకే వాడి తల చూసి నవ్వు వచ్చినా వెంటనే ఆరిపోతుంది.

ఇప్పుడు పక్కనే 1973లో వచ్చిన ‘ది సబ్జెక్ట్ వాజ్ నోజెస్’ పెట్టు. ఇదీ రూపం పాడయ్యే కథే. బ్రేడీల పెద్దమ్మాయి మార్షా, చార్లీ అనే కుర్రాడితో షికారుకి ఒప్పుకుంటుంది. ఫుట్‌బాల్ హీరో డగ్ పిలిచేసరికి, హఠాత్తుగా ఏదో పని పడిందని చార్లీకి చెప్పి తప్పుకుంటుంది. తర్వాత పెరట్లో తమ్ముళ్ళు ఆడుతున్న బంతి వచ్చి ముక్కుకి తగులుతుంది, ముక్కు వాస్తుంది. ఆ ముక్కు చూసి డగ్ అదే మాట తిరిగి ఆమెకు చెప్తాడు. బంతి యాదృచ్ఛికమే, కానీ డైలాగు యాదృచ్ఛికం కాదు. మూడు గడుల్లోనూ మార్షా పేరే ఉంది, అందుకే ఆ ఎపిసోడ్‌ని ఇప్పటికీ తలుచుకుంటారు.

ఇంకో చిన్న పని. ఈ సిరీస్‌ని ప్రేక్షకుల ముందు తీయలేదు, నవ్వులు తర్వాత అతికించారు. అతికించిన నవ్వు మోగి నీకు రానిచోటల్లా కాగితం అంచున చుక్క పెట్టు. చుక్కలు వరసగా మూడు పడితే ఆ జోకుని తిట్టకు, రెండు సీన్లు వెనక్కి వెళ్ళు. అక్కడ ఎవరో ఏదో కోరుకోవడం మానేసి ఉంటారు.

ఇక నీ స్క్రిప్టు. పెళ్ళిచూపుల రోజు తాతగారి కట్టుడుపళ్ళు మాయమయ్యాయి. ఎవరు తీశారు? పిల్లి. అంటే మూడో గడిలో తాతగారున్నారు, మొదటి రెండూ ఖాళీ. పిల్లిని తీసేయ్. మొదటి సీనులోనే తాతగారి చేత మగపెళ్ళివారి పెద్దాయన ముందు, “డెబ్బై ఎనిమిదేళ్ళు, అన్నీ సొంతపళ్ళే” అని కోతలు కోయించు. ఆ పెద్దాయన సంబరపడి తమ ఇంటి జంతికల డబ్బా తెప్పించి ముందు పెడతాడు. పళ్ళు తాతగారి నోట్లోనే ఉండనీ, నిన్నట్నుంచీ వదులుగా. ఎదుటివాళ్ళు కొరకమంటున్నారు, కోడలు వద్దని కళ్ళతో సైగ చేస్తోంది, ఆయన చెయ్యి డబ్బాలోకి వెళ్ళింది. అక్కణ్ణుంచి రాసి పంపు.

ఇట్లు,
మీ మాస్టారు