కంటి గూడు విరిగితే: పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ల జవాబులు

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు. క్రికెట్ బంతి కంటి కింద తగిలింది. కన్ను ఎర్రబడలేదు, వాపూ అంతగా లేదు. పైకి చూడమంటే మాత్రం నొప్పని ఏడుస్తున్నాడు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. తలకు స్కాన్ తీసి మెదడు బాగానే ఉందని, వారం ఆగి రమ్మని చెప్పారు. ఆగొచ్చా? – ఒక తల్లి, తణుకు

జవాబు: ఆగకూడదు. మీకు ఫోన్‌లో వెంటనే చెప్పాం. ఇలాంటి పరిస్థితి ఇంకెవరికైనా రావచ్చు కాబట్టి ఇక్కడా రాస్తున్నాం.

పిల్లల ఎముక లేత. కన్ను అమరి ఉండే ఎముకల గుంతే కంటి గూడు. దాని అడుగున ఉండే పల్చటి ఎముక దెబ్బకు పూర్తిగా విరిగి పడదు. ఎలుకబోను తలుపులా ఒక్క క్షణం తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది. ఆ సందులో కంటిని కిందికి తిప్పే కండరమో, దాని చుట్టూ ఉన్న కొవ్వో ఇరుక్కుపోతుంది. అందుకే కన్ను పైకి లేవదు. కండరం లాగినట్లయినప్పుడల్లా వాంతులు వస్తాయి, కళ్లు తిరుగుతాయి, నాడి నెమ్మదిస్తుంది. ఈ లక్షణాలు చూసి తలకు దెబ్బ తగిలిందనుకుంటారు. పైకి కన్ను తెల్లగా, మామూలుగా కనిపించడంతో గూటి సంగతి ఎవరికీ తట్టదు.

ఇరుక్కున్న కండరానికి రక్తం అందక అది దెబ్బతిని మచ్చ కడితే, తర్వాత ఎంత బాగా ఆపరేషన్ చేసినా వస్తువులు రెండుగా కనబడటం పోకపోవచ్చు. పెద్దవాళ్లలో సాధారణంగా వాపు తగ్గేదాకా చూసి రెండు వారాల్లోపు చేస్తారు. కండరం ఇరుక్కున్న పిల్లల్లో 24 నుంచి 48 గంటల్లో విడిపించాలి. మెదడు స్కాన్‌లో ఇది తప్పిపోవచ్చు. కంటి గూళ్లకు విడిగా, సుమారు 1 మి.మీ. ముక్కలతో, ముఖాన్ని ఎదురుగా చూసే కొరోనల్ కోతలతో సీటీ అడగండి. ఎముకలో సన్నటి గీత తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. కండరం ఉండాల్సిన చోట లేకపోవడమే అసలు ఆధారం.

ప్రశ్న: మావారికి బైకు జారి పడి గూటి అడుగు ఎముక విరిగింది. ముఖం మీద కోత లేకుండా చేస్తామంటున్నారు. అదెలా సాధ్యం? – నల్గొండ

జవాబు: సాధ్యమే. ఎక్కువగా వాడే దారి కింది రెప్ప లోపలి వైపు నుంచి. మత్తిచ్చాక ముందుగా కనుగుడ్డును సన్నటి పట్టకారుతో పట్టుకుని అన్ని వైపులా తిప్పి, ఎక్కడ పట్టేసిందో చూస్తారు. తర్వాత రెప్పను ముందుకు లాగి లోపలి పొరలో కోసి గూటి అంచు ఎముకను చేరతారు. ఎముక మీది పొరను లేపుతూ వెనక్కి వెళ్తారు. గూటి కింద ఉండే గాలి గది సైనస్. అందులోకి జారిన కొవ్వునీ కండరాన్నీ కొద్దికొద్దిగా పైకి తీసి, కన్నం మీద పలక పరుస్తారు. చివర్లో కన్ను మళ్లీ తిప్పి చూస్తారు. అప్పుడు పట్టేస్తే పలక కింద ఏదో నలుగుతోందని అర్థం, తీసి మళ్లీ పెట్టాల్సిందే.

రెండో దారి ఎండోస్కోప్, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టం. పై పెదవి ఎత్తి చిగురు పైన కోసి, దవడ సైనస్ ముందు గోడలో ఒకటి రెండు సెం.మీ. కిటికీ తీస్తారు. అందులోంచి 30 డిగ్రీల ఎండోస్కోప్ పెట్టి విరిగిన చోటును కింది నుంచి చూస్తారు. గూటి లోపలి గోడ, అంటే ముక్కు వైపుది విరిగితే ముక్కు రంధ్రం నుంచో, కంటి మూలన ఉండే ఎర్రటి కండ వెనక నుంచో వెళ్తారు. పెద్ద కన్నాలకు పలకను కింది నుంచి అమర్చడం కష్టం. అందుకే చాలామంది సర్జన్లు పలకను రెప్ప దారిలో పెట్టి, ఎండోస్కోప్‌ను కింది నుంచి సరిచూసుకోవడానికి వాడతారు. మా ఓటు కూడా ఈ జోడింపుకే.

మచ్చ కనబడకపోవడం కన్నా పలక వెనక అంచు దేని మీద ఆనిందన్నది ముఖ్యం. గూటి అంచు నుంచి 35–40 మి.మీ. లోపల విరగని ఎముక గట్టు ఉంటుంది. అక్కడి నుంచి కంటి నరం కొద్ది మిల్లీమీటర్ల దూరమే. నరానికి భయపడి ముందే ఆగిపోతే పలక వెనక కొస సైనస్‌లోకి వాలుతుంది, కన్ను లోపలికి కుంగే ఉంటుంది. రెండోసారి ఆపరేషన్ చేయాల్సి రావడానికి తరచూ ఇదే కారణం. ఆపరేషన్ తర్వాత సీటీ తీస్తారా అని ముందే అడగండి.

ప్రశ్న: కన్నం మీద పరిచే పలక టైటానియందైతే మంచిదా, ప్లాస్టిక్‌దా? – కర్నూలు

జవాబు: పెద్ద కన్నానికి, గూటి అడుగూ ముక్కు వైపు గోడా రెండూ విరిగినప్పుడు ఆకారం నిలిపేది టైటానియం జాలీ. స్కాన్‌లో స్పష్టంగా కనిపిస్తుంది, ఎంఆర్ఐకి అడ్డు కాదు. దాని రంధ్రాల్లోకి కణజాలం అల్లుకుంటుంది కాబట్టి తర్వాత తీయాలంటే కష్టం. పోరస్ పాలిథిలీన్, అంటే సన్నటి రంధ్రాలున్న ప్లాస్టిక్, నునుపుగా, కత్తిరించడానికి అనువుగా ఉంటుంది, కానీ సీటీలో సరిగా కనిపించదు. కరిగిపోయే పలకలు చిన్న కన్నాలకు చాలు. రోగి స్కాన్ నుంచి ముద్రించిన పుర్రె నమూనా మీద జాలీని ముందే వంచుకునే వీలుంటే ఇంకా మంచిది.

ప్రశ్న: దెబ్బ తగిలి పన్నెండు రోజులైంది. రెండుగా కనిపించడం లేదు, చెంప మాత్రం మొద్దుబారింది. ఆపరేషన్ తప్పదా? – వరంగల్

జవాబు: మొద్దుబారడం ఒక్కటే ఉంటే సాధారణంగా అక్కర్లేదు. చెంప, పై పెదవి, పై పళ్ల నరం ఆ ఎముకలోంచే వెళ్తుంది. స్పర్శ రావడానికి నెలలు పట్టొచ్చు. అడుగు ఎముక సగానికి మించి పోయినా, కన్ను 2 మి.మీ. కన్నా ఎక్కువ కుంగినా, ఎదురుగానో కిందికో చూసినప్పుడు రెండుగా కనిపిస్తూనే ఉన్నా ఆపరేషన్ ఆలోచించాలి. దేనికైనా ముందు కంటి డాక్టరు కనుగుడ్డు, రెటీనా చూసి తీరాలి. కనుగుడ్డు చిట్లి ఉంటే ముందు దాన్నే కుట్టాలి, ఎముక తర్వాత.

ప్రశ్న: ఆపరేషన్ అయ్యాక ఇంట్లో ఏం చూసుకోవాలి? – విజయనగరం

జవాబు: కొన్ని వారాలు ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. లేకపోతే సైనస్ గాలి గూట్లోకి ఎక్కి కన్ను ఒక్కసారిగా ఉబ్బుతుంది. విమాన ప్రయాణం డాక్టరును అడిగే. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. మొదటి వారాల్లో రెండుగా కనిపించడం మామూలే.

మొదటి రాత్రి కంటికి గట్టి కట్టు వద్దు, చూపు అప్పుడప్పుడు పరీక్షించాలి. తీవ్రమైన నొప్పితో కన్ను ముందుకు పొడుచుకొచ్చి చూపు మసకబారితే గూట్లో రక్తం నిండుతోందన్నమాట. గంటన్నర, రెండు గంటల్లో ఒత్తిడి తగ్గించకపోతే కంటి నరం పోతుంది. కంటి బయటి మూలన చిన్న కోత పెట్టి ఒత్తిడి వదిలిస్తారు. దీనికి స్కాన్ కోసం వేచి ఉండకూడదు, తెల్లారే దాకా అసలే ఆగకూడదు.