బీరువా ఖాళీ చేసే ముందు

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి రెండు సంగతులు చెప్పింది. ఒకటి, నీకు చీఫ్ మేనేజరుగా ప్రమోషన్ వచ్చి జోనల్ ఆఫీసుకి వెళ్తున్నావని. వినగానే లేచి వెళ్లి దేవుడి దగ్గర దీపం పెట్టాను. మా అన్నయ్య ఉండుంటే ఈపాటికి వీధి వీధంతా తెలిసిపోయేది. రెండోది, ఆదివారం బీరువా మొత్తం మంచం మీద పోసి, "46 ఏళ్లు వచ్చాయి, ఇన్నాళ్లూ ఏది చేతికొస్తే అది కట్టుకున్నాను, ఇకనుంచి నాకంటూ ఒక స్టైల్ ఉండాలి" అన్నావని. చీరలన్నీ రెండు పెద్ద సంచుల్లో కుక్కి, ఎవరికైనా ఇచ్చేయడానికి గుమ్మం దగ్గర పెట్టావట.

నీ ఆలోచన నాకు నచ్చింది. ఆ సంచుల మాట విన్నాకే రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటావు, సగం వినవు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ సంచులు లోపల పెట్టు. ఒక నెల వాటి జోలికి వెళ్లకు. నీకు చిన్నప్పటి నుంచీ ఇదే తొందర, ఒక పని మొదలుపెడితే ఆ పూటే తేలిపోవాలి. పరీక్షలైన సాయంత్రమే పుస్తకాలన్నీ పాత పేపర్లవాడికి వేసేసి, మర్నాడు మళ్లీ అవే కావాలని ఏడ్చింది ఎవరు?

మీ అమ్మకి ప్యాంటూ కోటూ అంటే బెంగ. నాకేమీ లేదు. నీకు సుఖంగా ఉంటే శుభ్రంగా వేసుకో. చీరే కట్టాలని నేను అనను, చీర మానేస్తేనే పెద్ద ఆఫీసరులా ఉంటామని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకు. అద్దంలో ఏది బాగుందో చూసుకుని నిర్ణయించుకోకు, సాయంత్రం చూసుకో. గోడ మీద క్యాలెండరు ఉంది కదా, రోజూ ఇంటికి రాగానే ఆ తేదీ గడిలో ఏం వేసుకున్నావో ఒక ముక్క రాయి. పొద్దున్నుంచీ బట్టల సంగతే గుర్తు రాకుండా పని చేసుకున్న రోజుకి టిక్కు పెట్టు. కొంగు సర్దుకుంటూ, కుర్తా కిందికి లాక్కుంటూ, నడుం బిగుతుగా ఉండి భోజనం తగ్గించిన రోజుకి అడ్డగీత పెట్టు. నెల తిరిగేసరికి నీ స్టైల్ ఏమిటో ఆ గడులే చూపిస్తాయి. అప్పుడు తెరువు సంచులు.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని సంగతొకటి చెబుతాను. మీ మామయ్యకి తప్ప ఎవరికీ తెలియదు.

2002లో నాకు 45 ఏళ్లు. కాలేజీలో ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్‌గా బాధ్యత ఇచ్చారు. ఆ కబురు వినగానే మీ నాయనమ్మ మోకాళ్ల నొప్పులతోనే కర్నూలు బస్టాండులో గద్వాల బస్సెక్కింది. తెలిసిన నేతగాళ్ల ఇంటికి వెళ్లి చీర తెచ్చింది. చిలకపచ్చ చీర, ముదురు కుంకుమరంగు అంచు. గద్వాల చీర సంగతి నీకు తెలుసు కదా, చీరంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే పోగుకి పోగు పెనవేసి కలుపుతారు. అందుకే ఒళ్లు ఉడకదు, చూడటానికి పట్టుచీరలా నిండుగానూ ఉంటుంది. "పెద్ద కుర్చీలో కూర్చోబోతున్నావు, దాన్ని నింపాలి" అంది అమ్మ. తన చేత్తోనే కుచ్చిళ్లు సర్ది పంపింది.

ఆ చీరతోనే మొదటి మీటింగుకి వెళ్లాను. పై ఆఫీసు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, నేను కాగితాలు తీసుకుని లేచి నిలబడగానే, "మేడమ్ పెళ్లి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు, భోజనాలు బాగున్నాయా?" అన్నాడు. హాలంతా నవ్వింది. టీ ట్రే పట్టుకున్న కుర్రాడు కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, బుజ్జీ. అది ఇప్పటికీ నాకు మింగుడు పడదు. రెండు వారాలు కూర్చుని తయారుచేసిన అడ్మిషన్ల లెక్కలు, గొంతు వణుకుతూ చదివి కూర్చున్నాను. ఒక్కరు కూడా ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇంటికొచ్చి ఆ చీర మడిచి ట్రంకుపెట్టెలో పెట్టాను. దానితోపాటు రంగున్నవన్నీ పెట్టేశాను. ఆ శనివారమే బజారుకి వెళ్లి ఆరు పాలియెస్టర్ చీరలు కొన్నాను. బూడిదరంగు, బిస్కెట్ రంగు, మట్టిరంగు. ఇస్త్రీ అక్కర్లేదు, ఎవరి కంటికీ ఆనవు. ఏడేళ్లు అవే కట్టాను. మధ్యలో ఒంట్లో ఆవిర్లు మొదలయ్యాయి. క్లాసులో నిలబడి ఉండగానే మెడ నుంచి చెవుల దాకా నిప్పు రాజుకున్నట్టు ఉండేది, వీపంతా చెమట, చీర ఒంటికి అతుక్కుపోయేది. బీపీ అనుకుని వెళ్తే డాక్టరమ్మ నా కొంగు రెండు వేళ్లతో పట్టుకుని చూసి, "ముందు ఇవి మానేసి నూలు కట్టండి" అంది. అయినా మానలేదు. ఆ నవ్వంటే నాకు అంత భయం.

అమ్మ ఒక్కసారే అడిగింది, "ఆ పచ్చచీర కట్టుకోవడం లేదేం?" అని. "పండక్కి కడతాలే" అన్నాను. 2006లో అమ్మ పోయింది.

2009 అక్టోబరు 2 నీకు గుర్తుండే ఉంటుంది, హైదరాబాదు నుంచి ఫోన్ల మీద ఫోన్లు చేశావు. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చేశాయి. మీ మామయ్యా నేనూ చేతికందినవి మేడ మీదికి మోశాం. అన్నిటికన్నా ముందు మోసింది ఆ ట్రంకుపెట్టెనే. నీళ్లు తీశాక ఊరంతా మేడల మీద బురద బట్టలే ఆరేశారు. పక్కింటావిడ తన పెళ్లిచీర పిండుతూ ఏడుస్తోంది. నా పెట్టెలోకి చుక్క నీరు పోలేదు. అమ్మ చీర దక్కిందని మనసులో దణ్ణం పెట్టుకుని తీశాను. విప్పితే, పట్టంచు మడత పడిన చోటల్లా చీలిపోయి ఉంది. జరీ నల్లబడింది. కొంగు మీద వేలు పెడితే పాత కాగితంలా విడిపోయింది. ఏడేళ్లు ఒకే మడతలో ఉంటే పట్టు ఏమవుతుందో నాకు తెలియనిది కాదు. ఆ చీరని వరద ముట్టుకోలేదు, పాడుచేసింది నేనే.

మీటింగులో ఆ పెద్దాయన ఆ మాట అన్నది పట్టుమని పది సెకన్లు. గుమ్మం దాటేలోపే మరిచిపోయి ఉంటాడు.

కొత్త ఆఫీసులో నిన్నూ ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. ప్యాంటు వేసుకుంటే ఒకటి, జరీ అంచు కడితే ఒకటి, జుట్టుకి రంగు వేయకపోతే "ఒంట్లో బాలేదా మేడమ్" అని ఒకటి. వింటే నొప్పే, నొప్పి లేదని నేను అనను. కానీ ఆ రోజు ఇంటికి రాగానే బీరువా తెరవకు. నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే.

ఇక జాకెట్ల సంగతి. పాత కొలత జాకెట్టు ఇచ్చి "దీనిలాగే కుట్టండి" అనడం ఇవాళ్టితో మానెయ్. అది నీ 35 ఏళ్ల ఒంటికి కుట్టింది. ఈ వయసులో భుజాలు, చేతులు, వీపు అన్నీ మారతాయి, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. నిలబడి కొత్తగా కొలతలు ఇవ్వు. లోపల రెండు పక్కలా అంగుళమన్నా గుడ్డ వదలమను, రేపు వదులు చేసుకోవచ్చు. జాకెట్టు గుడ్డా, లైనింగూ రెండూ రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేశాకే టైలరుకి ఇవ్వాలి, లేకపోతే మొదటి ఉతుకులోనే లైనింగు కుంచించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది. హుక్కులు ముందుకే పెట్టించు. నాకు 50 దాటాక భుజం పట్టేసి ఎనిమిది నెలలు చెయ్యి వెనక్కి పోలేదు. వెనక హుక్కులున్న జాకెట్లన్నీ మూలపడ్డాయి.

చెప్పులు సాయంత్రం పూట కొను, పాదాలు అప్పటికి కాస్త ఉబ్బి ఉంటాయి.

కుర్తాలైతే మంగళగిరి నూలు గుడ్డ మీటర్ల లెక్కన తీసుకో. చిన్న జరీ అంచు ఉంటుంది, మీటింగుకి అది చాలు, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. పోచంపల్లి కూడా బాగుంటుంది, మొదటి ఉతుకు మాత్రం వేరేగా, చన్నీళ్లలో. పక్కన జేబు పెట్టించు, ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగే బాధ తప్పుతుంది. ఆఫీసులో ఏసీకి వణుకు, బయటికొస్తే ఆవిరి, అందుకని పైన వేసుకుని తీసేసే పల్చటి కోటు ఒకటి కుర్చీకి తగిలించి ఉంచు.

ఇది మాత్రం చదివి వదిలెయ్యకు. నువ్వింకా స్కూటీ మీదే మెట్రో స్టేషను దాకా వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. బండెక్కే ముందు చున్నీ రెండు కొసలూ నడుం దగ్గర ముడి వెయ్యి, లేదా తీసి బ్యాగులో పెట్టు. చీరైతే కొంగు దోపు. మా కాలేజీలో నాతో పనిచేసినావిడ భర్త బండి వెనక కూర్చుని వెళ్తుంటే కొంగు చక్రంలో పడింది. మూడు నెలలు మంచం మీద ఉంది, మెడ ఈ రోజుకీ పూర్తిగా తిప్పలేదు. మోటారుసైకిళ్లకి చీర గార్డు పెట్టిందే ఇందుకు. నీ స్కూటీ వెనక చక్రం పక్కన ఏముందో ఒకసారి వంగి చూసుకో. గాలికి చున్నీ ఎగురుతూ వెళ్లే పిల్లల్ని చూస్తే ఇప్పటికీ నా గుండె ఆగిపోతుంది. ఏ బట్టలు వేసుకున్నా నువ్వు నాకు ముద్దే. క్షేమంగా ఇంటికి రా, అంతే.

ఏడో క్లాసులో నువ్వు ఒక జడకి ఎర్ర రిబ్బను, రెండో జడకి పసుపు రిబ్బను కట్టుకుని బడికి వెళ్లావు. టీచరు విప్పించి పంపింది. మర్నాడు మళ్లీ అలాగే కట్టుకెళ్లావు. నేనే జడలు వేశాను కాబట్టి నాకు గుర్తు. "నాకు రెండూ ఇష్టం అత్తా" అన్నావు. ఎందుకో రాత్రంతా ఆ పిల్లే కళ్ల ముందు ఉంది.

ఆదివారం మీ అమ్మ వచ్చేటప్పుడు నా సంచి ఒకటి తెస్తుంది. నారాయణపేట నూలు చీర, ఎర్రటి ఒళ్లు, పసుపు అంచు. ఇంటికి తెచ్చాక ఒకసారి విప్పి, దుకాణంవాళ్లు వేసిన మడతల్లోనే మళ్లీ పెట్టాను. ఫాల్ వేయించలేదు, ఒకసారి కుట్టాక దుకాణంవాళ్లు వెనక్కి తీసుకోరు. నీ క్యాలెండరు వద్దంటే మార్చుకో, నేనేమీ అనుకోను. బిల్లు సంచిలోనే ఉంది.

మీ అత్త