స్లైగో క్యారోకీల్‌కి వెళ్లాలంటే మ్యాప్‌లో ఏం కొట్టాలి?

అన్నా, డబ్లిన్ నుంచి స్లైగోలోని క్యారోకీల్ సమాధులు చూద్దామని బయల్దేరితే మ్యాప్ డోనెగాల్ అనే వేరే కౌంటీ దారి పట్టించిందన్నారు కదా, తప్పు మ్యాప్‌ది కాదు. క్యారోకీల్ ఒక టౌన్‌లాండ్ పేరు. ఐర్లండ్‌లో టౌన్‌లాండ్ అంటే టౌను కాదు, అన్నిటికన్నా చిన్న భూవిభాగం. అలాంటివి 60,000 పైనే ఉన్నాయి. క్యారోకీల్ అంటే ఐరిష్‌లో 'సన్నటి పావు', అంటే నాలుగో వంతు భూమి. అందుకే ఆ పేరు చాలాచోట్ల తగులుతుంది.

మీరు కాసిల్‌బాల్డ్విన్ అని కొట్టండి. డబ్లిన్ నుంచి స్లైగో వెళ్లే ఎన్4 రోడ్డు దగ్గరి ఊరు. అక్కణ్ణించి క్యారోకీల్ బోర్డులు పట్టుకుని బ్రిక్‌లీవ్ కొండలెక్కాలి. చివర్లో కారు ఆపి నడిచిపోండి. నేలంతా చిత్తడి, మంచి బూట్లు వేసుకోండి.

పైన సున్నపురాయి కొండల మీద 5,000 ఏళ్ల నాటి రాళ్ల గుట్టలు, అవే ఆ సమాధులు; కింద లాక్ ఆరో సరస్సు. గుట్టలకి ఇంగ్లిష్ అక్షరాలే పేర్లు, వాటిలో 'జి' అనే గుట్టని మాత్రం వదలొద్దు. దాని గుమ్మం పైన చిన్న రాతి కిటికీ ఉంటుంది. జూన్ 21 ప్రాంతంలో పొద్దుగూకే వేళ ఎండ అందులోంచి లోపలి గదిలో పడుతుంది. ఐర్లండ్‌లోనే ఉన్న న్యూగ్రాంజ్ అనే మరో పాత సమాధిలో ఇదే చలికాలం పొద్దున జరుగుతుంది. 1911లో మెకాలిస్టర్, ప్రేగర్ అనే పరిశోధకులు, వాళ్లతో ఉన్నవాళ్లు ఈ గుట్టల్ని తవ్వారు, కాస్త హడావుడిగానే అనిపిస్తుంది నాకు. గుట్టల మీదకి మాత్రం ఎక్కకండి, రాళ్లు జారతాయి.