సమాధానం: కంఫర్టబ్లీ నంబ్ రెండో సోలో, పల్స్‌తో ఎందుకు కలవడం లేదు

పింక్ ఫ్లాయిడ్ పాట కంఫర్టబ్లీ నంబ్‌లో రెండో గిటార్ సోలో నేర్చుకున్నా పల్స్ లైవ్ రికార్డింగ్‌తో కలవడం లేదని, టోన్ తేడాగా ఉందని, బెండ్ శ్రుతి తగ్గుతోందని అడిగారు. మీరు నేర్చుకున్నది 1979 స్టూడియో ట్యాబ్ (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని నంబర్లతో రాసినది), పోలుస్తున్నది 1994 పల్స్‌తో. రెండూ కలవవు. స్టూడియోలో సోలో మధ్యలోనే ఫేడ్ అయిపోతుంది, పల్స్‌లో గిటారిస్టు డేవిడ్ గిల్మర్ దాన్ని చాలా దూరం లాగుతాడు. పాటే 9 నిమిషాలు దాటుతుంది.

అందుకే నిమిషాలు, సెకన్లు చూసి పోల్చకండి. సోలో కింద తిరిగే కార్డ్‌లు (కలిపి మోగే స్వరాలు) బి మైనర్, ఏ, జీ, ఇ మైనర్, మళ్లీ బి మైనర్. ఒక్కో చుట్టుకి నంబరు వేసుకుని, స్పీడ్ 75 శాతానికి తగ్గించి, పల్స్‌నీ గిల్మర్ 2006 గ్దాన్స్క్ (పోలండ్) లైవ్‌నీ చుట్టు చుట్టుగా వినండి. మొదటి కొన్ని పలుకులు దగ్గరగానే ఉంటాయి, తర్వాత అంతా అప్పటికప్పుడు అల్లిందే. దాన్ని నోటు నోటుగా బట్టీ పట్టడం నా దృష్టిలో వృథా.

టోన్ తేడా మీ ఆంప్ లోపం కాదు. పల్స్‌లో ఎర్ర స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్ గిటార్), దానికి ఈఎంజీ కంపెనీ పికప్‌లు (తీగ మోతను పట్టే భాగాలు). గ్దాన్స్క్‌లో నల్ల స్ట్రాట్.

బెండ్ శ్రుతి తగ్గుతోందన్నారు కదా: మూడో తీగ 9వ ఫ్రెట్ బెండ్ (తీగను పక్కకి లాగి శ్రుతి పెంచడం), రెండో తీగ 7వ ఫ్రెట్ స్వరాన్ని అందుకోవాలి. ముందు ఆ స్వరం మీటి విని, తర్వాత లాగండి. ఒక్క వేలితో కాదు, వెనక రెండు వేళ్లూ ఆనించి. వైబ్రాటో (స్వరాన్ని ఊపడం) బెండ్ ఆ స్వరానికి చేరాకే.