రంగు కంటే ముందు రిజిస్టరు

బరంపురం

అమ్మలూ,

నోటి క్యాన్సర్లలో ఈఆర్‌సీసీ1 అనే డీఎన్‌ఏ మరమ్మతు ప్రొటీన్ మీద థీసిస్ చేస్తానని రాశావు. మంచిదే. ఆ ఒక్క ప్రొటీన్‌తోనే ఆగు. రాడ్51, ఎక్స్‌ఆర్‌సీసీ1, కేయూ80 లాంటి మిగతా మరమ్మతు ప్రొటీన్లన్నీ వేస్తే ఏదో ఒకదానికి కాకతాళీయంగానే పి విలువ 0.05 కంటే తగ్గి నిజమైన సంబంధంలా కనిపించొచ్చు, ఇక దాన్నే పట్టుకుని ఊరేగుతాం.

ముందు ఒకటి తేల్చుకో. నువ్వు వెతికేది రోగి ఎన్నాళ్ళుంటాడో చెప్పే గుర్తా, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు పనిచేస్తుందో లేదో చెప్పే గుర్తా? ఆ మందు డీఎన్‌ఏని పట్టుకుని మెలిపెడుతుంది. ఈఆర్‌సీసీ1, ఎక్స్‌పీఎఫ్ అనే ఇంకో ప్రొటీన్ జంటగా వెళ్ళి, చెడిన ముక్కని కత్తిరించేస్తాయి. అందుకే ఈఆర్‌సీసీ1 ఎక్కువున్న గడ్డ మందుకి లొంగకపోవచ్చు. ఉత్త ఆపరేషన్‌తో ఆగిన రోగిలో లెక్క వేరు. 2006లో ఊపిరితిత్తుల క్యాన్సర్ మీద వచ్చిన అధ్యయనంలో, కీమో ఇవ్వనివాళ్ళలో ఈఆర్‌సీసీ1 ఉన్నవాళ్ళే ఎక్కువకాలం బతికారు. ఈ రెండు రకాలవాళ్ళనీ ఒకే గంపలో వేశావంటే ఏమీ తేలదు.

ప్రొటీన్ ఉన్నచోట రంగు పట్టించే యాంటీబాడీ విషయంలో జాగ్రత్త. అందరూ వాడిన 8ఎఫ్1 అనే యాంటీబాడీ రకం (క్లోన్), తయారీ విడత (లాట్) మారేసరికి వేరే ఫలితాలిచ్చిందని 2013లో బయటపడింది. ఆ ప్రొటీన్‌కి నాలుగు రూపాలున్నాయి, పనిచేసేది ఒక్కటే. దాన్ని విడిగా పట్టే యాంటీబాడీ అప్పటికి లేదని కూడా అందులోనే తేల్చారు. ఈ మాట థీసిస్‌లో నువ్వే ముందు రాసెయ్, పరీక్షకుడు అడిగేదాకా ఆగకు. స్లైడులో మామూలుగా రంగు పట్టాల్సిన రక్తనాళాల లోపలి కణాల కేంద్రకాలకే రంగు పట్టకపోతే ఆ స్లైడు పక్కన పెట్టు. బయట క్లినిక్కుల నుంచి సీసాలో రోజుల తరబడి ఫార్మలిన్‌లో నాని వచ్చే ముక్కలతో ఈ తంటా ఉంటుంది. రంగు ఎంత పట్టిందో మార్కులు వేసేటప్పుడు రోగి బతికున్నాడో లేదో నీకు తెలియకూడదు. రెండో మనిషి చేత కూడా వేయించు.

అసలు పని రిజిస్టరులో ఉందమ్మా. గునుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి వచ్చేవాళ్ళ పేరు ఒడియా కాగితంలో ఒకలా, ఇంగ్లీషు కాగితంలో ఇంకోలా ఉంటుంది. ఇచ్చిన ఫోను నంబరు సూరత్‌లో పనిచేసే కొడుకుది, అదీ మారిపోతుంది. రెండో నంబరు, ఊరి ఆశా కార్యకర్త నంబరు మొదటిరోజే రాసుకో. ఎవరు ఎప్పుడు పోయారో తెలియకపోతే నీ రంగుల స్లైడులకి విలువేముంది?

అలవాట్లు అడగడం కూడా ఒక విద్యే. "పొగాకు వాడతావా?" అంటే లేదంటారు. గుడాఖు అనే పొగాకు ముద్దతో పళ్ళు తోముకోవడం వాళ్ళ లెక్కలో పొగాకు కాదు. అంగిట్లో పుండుతో వచ్చిన ముసలమ్మని "అడ్డపొగ తాగుతావా అమ్మా?" అని అడుగు, నిప్పు లోపలికి పెట్టి చూపిస్తుంది. మగ డాక్టరు ముందు చెప్పదు, నీకు చెబుతుంది.

స్టేజీ, మెడ గ్రంథులు, గ్రంథి గోడ దాటిందా, అంచులు, ఎంత లోతుకి దిగింది, ఇవన్నీ లెక్కలోకి తీసుకుని చూశాక కూడా నీ ప్రొటీన్ ఏమైనా కొత్తగా చెబుతోందా అనేదే ప్రశ్న. చెప్పకపోయినా అలాగే రాయి, థీసిస్ పాసవుతుంది. హెచ్‌పీవీ వైరస్‌కి గుర్తుగా చూసే పీ16 ప్రొటీన్ జోలికి గొంతు వెనక గడ్డలైతేనే వెళ్ళు.

ఎథిక్స్ కమిటీ కాగితం చేతికొచ్చేదాకా గడ్డ ముక్క ఉన్న మైనపు బ్లాకు ఒక్కటి కూడా కోయకు. యాంటీబాడీ ఆర్డరు పెట్టేముందు క్లోను పేరు, లాట్ నంబరు నాకు ఫోన్లో పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న