పట్టుచీరకి చిల్లులు, గోడల మీద గింజల్లాంటి పురుగులు: మా సింగ్‌నగర్ ఇంటి అనుభవం

మీరు అడిగింది ఇదీ: బీరువాలో పట్టుచీరకీ, శాలువాకీ చిల్లులు పడ్డాయి, హాల్లో తివాచీ అంచు కొరికేసినట్టుంది, గోడల మీద గింజల్లాంటివేవో పాకుతున్నాయి, కలరా ఉండలు ఎన్ని వేసినా లాభం లేదు, పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలవమంటారా అని. పిలిచే ముందు ఒక ఆదివారం ఇల్లంతా వెతకండి. మేం ముందు డబ్బు కట్టి, తర్వాత వెతికాం. అందుకే చెప్తున్నా.

మాది విజయవాడ సింగ్‌నగర్, కింది వాటా. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి ఇంట్లోకి వచ్చినప్పుడు కింద ఉన్న బట్టలన్నీ బురదలో నానిపోయాయి. ఉతుక్కున్నాం, ఎండేసుకున్నాం, పనికిరానివి పారేశాం. అటక మీదున్న ట్రంకుపెట్టె, చుట్టిపెట్టిన తివాచీ, మామయ్యగారి హార్మోనియం మాత్రం తడవలేదు. పోన్లే, ఇవైనా మిగిలాయనుకుని ఏడాదిపాటు వాటి జోలికే పోలేదు. నీళ్లలో మునిగిన బట్టలు ఇవాళ్టికీ బాగున్నాయి. మునగనివే పోయాయి.

మరుసటేడు దసరాల్లో, మూలా నక్షత్రం రోజు కొండ మీద దుర్గమ్మ గుడికి వెళ్దామని అత్తయ్యగారు ట్రంకులోంచి తెల్ల పట్టుచీర తీశారు. కుచ్చిళ్ల దగ్గర ఐదారు చిల్లులు, అదీ ఎప్పుడో పరమాన్నం ఒలికిన మరక చుట్టూనే. దాని కింద మెరూన్ రంగు ఉన్ని శాలువా. విదిలిస్తే నేల మీద మెరూన్ రంగు ఇసుక రాలింది. వేలితో నలిపి చూస్తే ఇసుక కాదు, పురుగు పెంట. ఏ రంగు ఉన్ని తింటే ఆ రంగులోనే వేస్తుందది. మడత లోపల సాలెగూడు లాంటి సన్నటి దారాలు, వాటి మధ్య గోధుమరంగు తలతో తెల్ల పురుగు. మీ బీరువాలో కూడా ఇలాంటి పొడి కనిపిస్తే అది బట్టలు తినే చిమ్మెట పిల్ల పురుగే, ఇక అనుమానం అక్కర్లేదు.

ఇక్కడ చాలామంది పొరబడతారు, మేమూ పొరబడ్డాం. రాత్రిపూట ట్యూబ్‌లైట్ చుట్టూ తిరిగే చిమ్మెటల్ని చీపురు పెట్టి కొట్టుకుంటూ కూర్చున్నాం. బట్టలు తినే జాతి వెలుతురంటే పారిపోతుంది. బియ్యపు గింజంత ఉంటుంది, బంగారు రంగు. మడత విప్పితే ఎగరదు, పరిగెత్తుతుంది. పైగా రెక్కలొచ్చాక అది ఏమీ తినదు. ఆడది నలభై, యాభై గుడ్లు పెట్టి పోతుంది, తినేదంతా పిల్ల పురుగే. వంటింట్లో ఎగిరేవైతే అవి దాదాపు బియ్యంలోంచో రవ్వలోంచో వచ్చినవే. డబ్బాలో ఉండలు కట్టిన రవ్వ పారేస్తే పోతాయి, చీరల జోలికి రావు.

గోడల మీద మీరు చూసిన గింజల్లాంటివి ఇంకో రకం. దోసగింజలా బల్లపరుపుగా, రెండు కొసలా తెరుచుకుని ఉంటుంది ఆ గూడు. దుమ్మూ, ఇసుకా అంటించుకుని పురుగే కట్టుకుంటుంది. సాలెగూళ్లు, రాలిన వెంట్రుకలు దాని తిండి. ఉన్ని దొరికితే అదీ వదలదు. మందు అక్కర్లేదు, బూజు కర్ర చాలు. వారానికోసారి మూలలు, మంచాల కింద, ఫ్యాన్ల పైన బూజు దులపండి. గోడ చెమ్మగా ఉంటే మాత్రం మళ్లీ మళ్లీ వస్తుంది.

మేం ట్రంకు ఖాళీ చేసి, తుడిచి, స్ప్రే కొట్టించుకున్నా పదిహేను రోజుల్లో మళ్లీ కనిపించాయి. స్ప్రే వాళ్ల తప్పని అనను, వాళ్లు గోడలకీ, సోఫాల కిందా కొట్టారు. పురుగు ఉన్నది అక్కడ కాదు. మా ఆయన ఒకరోజు ఏదో తోచి హార్మోనియం మూత తీశారు. మామయ్యగారు పద్యనాటకాలకి వాయించిన పెట్టె అది, ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. వేళ్లతో నొక్కే మెట్ల కింద పరిచే ఉన్ని గుడ్డ జల్లెడయిపోయి ఉంది. అసలు కాపురం అక్కడ! అందుకే వెతకమన్నాను. హార్మోనియం, పాత ఉన్ని టోపీలు, ఈకలు కూరిన దిండ్లు, దేవుడి గదిలో పట్టుగుడ్డలు, ఏసీ బయట పావురాల గూడు, అన్నీ చూడండి. పక్షిగూళ్లలోని ఈకల్ని కూడా ఇవి తింటాయి. ఏళ్ల తరబడి కదపని వస్తువు మీదే ముందు అనుమానం పెట్టుకోండి.

తివాచీ సంగతి. మాది పాత ఏలూరు తివాచీ, అసలు ఉన్ని. మీదేమిటో తెలియకపోతే ఒక్క పోగు లాగి అగ్గిపుల్ల అంటించండి. వెంట్రుకలు కాలిన వాసన వస్తే ఉన్ని, కరిగి పూసలా గట్టిపడితే సింథటిక్. సింథటిక్ దీనికి తిండి కాదు.

చంపడానికి మాకు పనికొచ్చినవి రెండే, చలి, వేడి. శాలువాల్నీ, చీరనీ పాలిథిన్ కవర్లో గాలి తీసి కట్టి ఫ్రీజర్లో పెట్టాం. మైనస్ 18 డిగ్రీలుంటే వారం చాలు. మామూలు ఫ్రిజ్ మీద నాకంత నమ్మకం లేక రెండు వారాలుంచాను. "దేవుడికి కట్టే చీర చేపల పక్కనా?" అని అత్తయ్యగారు ఒక పూట అన్నం మానేశారు. ఫ్రీజరంతా ఖాళీ చేసి, కడిగి, పసుపునీళ్లు చల్లాకే ఒప్పుకున్నారు. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పకండి, చల్లదనం పూర్తిగా పోనివ్వండి. లేదంటే పట్టు మీద నీరు చేరుతుంది.

తివాచీ ఫ్రీజర్లో పట్టదు కాబట్టి రోహిణి కార్తె దాకా ఆగాం. మన బెజవాడ ఎండ ఒక్కసారైనా పనికి రావాలిగా! డాబా మీద పరిచి, పైన నల్ల టార్పాలిన్ కప్పి, మధ్యాహ్నం తిరగేశాం. 55 డిగ్రీల వేడి అరగంట పైన తగిలితే గుడ్డు కూడా బతకదు, కానీ ఆ వేడి లోపలి దాకా చేరాలి. చుట్ట చుట్టి ఎండేస్తే మధ్యలో ఉన్నది హాయిగా ఉంటుంది. పట్టుచీరల్ని మాత్రం ఇలా ఎండలో వేయకండి, రంగు పోతుంది. వాటికి నీడే.

కలరా ఉండలు ఎందుకు పనిచేయలేదంటారా? ఆ ఆవిరి గాలి చొరని పెట్టెలో దట్టంగా పడితేనే చంపుతుంది. రోజుకి పదిసార్లు తెరిచే బీరువాలో మనకి తలనొప్పి తప్ప పురుగుకేం కాదు. ఇంట్లో పసిపిల్లలుంటే అసలే వద్దు. జీ6పీడీ లోపం (రక్తకణాల్ని కాపాడే ఒక ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న బిడ్డలకి ఆ వాసన పట్టిన బట్టలు తొడిగినా రక్తకణాలు విరిగిపోయి కామెర్లు ముదరొచ్చు. మా చెల్లి పురిటికి వచ్చినప్పుడు, బిడ్డ పచ్చగా ఉందని తీసుకెళ్తే డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్నవన్నీ పారేశాను. వేపాకు, పచారీ కొట్లో దొరికే వసకొమ్ము పెట్టుకోండి, నేనూ పెడతాను. కానీ అవి ఇప్పటికే లోపలున్న పురుగుని చంపవు. శుభ్రం చేశాక పెట్టాలి, ముందు కాదు.

ఇప్పుడు నేను చేసేదల్లా, కట్టి విప్పిన పట్టుచీర చెమటతో, మరకతో లోపల పెట్టను. నూలు గుడ్డలో చుట్టి, మూణ్ణెల్లకోసారి మడత మారుస్తాను. సోఫా కింద వాక్యూమ్ కొట్టాక ఆ చెత్త వెంటనే ఇంటి బయట పారేస్తాను. పెస్ట్ కంట్రోల్‌ని మళ్లీ పిలవాల్సిన పని పడలేదు. మీకు ఎంత వెతికినా మూలం దొరక్కపోతే, లేదా గది మొత్తం గోడ నుంచి గోడ దాకా తివాచీ పరిచి ఉంటే పిలవండి, తివాచీ అంచుల కింద కూడా కొట్టమని దగ్గరుండి చెప్పండి.

చీర చిల్లుల్ని వన్‌టౌన్‌లో దారంతో అల్లించి రఫూ చేయించాం. దగ్గరికొచ్చి చూస్తే తెలుస్తుంది. ఆ వైపు దోపుడులోకి పోయేలా కట్టుకుంటే సరిపోతుందని అత్తయ్యగారు ఇప్పటికే రెండుసార్లు కట్టి చూసుకున్నారు.