సంగారెడ్డి వెళ్లిపోదాం అంటున్నారు, నా ఉద్యోగం సంగతేంటి?

ప్రశ్న: కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నాం. ఆయనకు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారానికి మూడు రోజులే ఆఫీసు. నేను అమీర్‌పేటలో అకౌంటెంట్‌ని, రోజూ వెళ్లాలి. పాప మూడో తరగతి, బాబుకు మూడేళ్లు. మామయ్య పోయాక సంగారెడ్డిలో సొంతింట్లో అత్తయ్య ఒక్కరే ఉంటున్నారు. అక్కడికి వెళ్లిపోతే అద్దె మిగులుతుంది, పిల్లల్ని అమ్మ చూసుకుంటుంది అంటారాయన. నాకు కష్టమంటే ‘అయితే ఉద్యోగం మానెయ్’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: తల్లి ఒంటరిగా ఉంటే కొడుకు మనసు అటే లాగుతుంది. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. కానీ ఆయన లెక్కలో అద్దె ఉంది, అమ్మ ఉంది, మీ ప్రయాణమే లేదు.

ఆయన కారులో ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి నేరుగా గచ్చిబౌలిలో దిగిపోతారు. మీకు ఆ సౌకర్యం లేదు. సంగారెడ్డికి రైలు లేదు కాబట్టి బస్సెక్కి పటాన్‌చెరు, బీహెచ్‌ఈఎల్, చందానగర్ ట్రాఫిక్ దాటి మియాపూర్‌లో దిగాలి, అక్కడ మెట్రో పట్టుకుని అమీర్‌పేట చేరాలి. మహాలక్ష్మి పథకంలో ఎక్స్‌ప్రెస్ టికెట్ ఉచితమే, సాయంత్రం పూట సీటు దొరకడమే కష్టం. పోనూ రానూ నాలుగు గంటలు వేసుకోండి. ఆరింటికి ఆఫీసు వదిలితే ఇల్లు చేరేసరికి ఎనిమిదవుతుంది. బాబు అప్పటికే నిద్రకు జోగుతుంటాడు. పాప స్కూల్ డైరీలో ఏం రాశారో ఎవరూ చూసి ఉండరు. ఈ మాట ఆయనతో కోపంగా కాకుండా, గంటలతో సహా చెప్పండి.

ఉద్యోగం మానడం గొడవలో తేలాల్సిన విషయం కాదమ్మా. మిగిలే అద్దె ఒకవైపు, పోయే మీ జీతం, పీఎఫ్ మరోవైపు కాగితం మీద రాసి ఇద్దరూ చూడండి. పెట్రోలు, ఔటర్ టోల్ కూడా కలపండి. నాలుగేళ్లు ఇంట్లో ఉండి మళ్లీ అదే జీతంతో చేరడం ఎంత కష్టమో మీకు తెలుసు.

ఇంతకీ అత్తయ్యను ఎవరైనా అడిగారా? మూడేళ్ల పిల్లాడి వెనక పొద్దున్నుంచి రాత్రి దాకా పరిగెత్తే ఓపిక ఆవిడకుందో లేదో! మీ ఉత్తరంలో ఆవిడ మాట ఒక్కటీ లేదు. ఆయన ద్వారా కాకుండా మీరే వెళ్లి పక్కన కూర్చుని అడగండి. కొడుకు, మనవలు దగ్గరుంటే చాలనుకుంటున్నారో, ఆ ఇల్లు వదలడమే ఇష్టం లేదో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

పాప టీసీ తీసుకోకముందే ఈ వేసవి సెలవుల్లో అక్కడ ఉండి చూడండి. అక్కడి నుంచే మీరు రోజూ ఆఫీసుకు వెళ్లండి. ఒకటి గుర్తుంచుకోండి, సెలవుల్లో స్కూల్ హడావుడి ఉండదు, రోడ్లూ కాస్త ఖాళీగా ఉంటాయి. జూన్‌లో ఇంకో అరగంట కలుస్తుంది. అప్పుడే కష్టమనిపిస్తే బీరంగూడ, చందానగర్ వైపు ఇల్లు చూడండి. మీకు మియాపూర్ మెట్రో దగ్గరవుతుంది, ఆయన అమ్మను వారంలో రెండుసార్లు చూసి రావచ్చు. ఆవిడకు ఇష్టమైతే మీ దగ్గరికే వచ్చి ఉంటారు.

అన్నీ చూశాక సంగారెడ్డే అనుకుంటే, ఇంట్లో నుంచి పనిచేసే రోజుల్లో పిల్లల స్కూలు, హోంవర్క్, జ్వరమొస్తే డాక్టరు బాధ్యత ఆయనదేనని ముందే ఒప్పించుకోండి. ఆ ఒప్పుకోలు రాకుండా కూకట్‌పల్లి ఇల్లు ఖాళీ చేయొద్దు.